జొన్నరొట్టెకు బల్ల మీద చోటు

ఒక ఊరి సంగతి తెలుసుకోదలచినవారు గుడికి, కచేరికి పోకముందు ఆ ఊరి హోటలుకు పోవడం మంచిది. గుడిలో మనిషి దేవునితో మాట్లాడుతాడు. కచేరిలో అధికారితో మాట్లాడుతాడు. తోటి మనిషితో తీరికగా మాట్లాడేది హోటలు బల్ల దగ్గరనే. తెలుగువారి వాడుకలో హోటలంటే బస చేసే మేడ కాదు. నాలుగు బల్లలు, రెండు పొయ్యిలు, పొగచూరిన గోడ మీద ఒక ధరల బోర్డు, గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దమనిషి ఉంటే చాలు, అది హోటలే. సీమనుండి వచ్చిన ఆ మాట తెలుగునేల మీద తన మేడలను విడిచిపెట్టి, చాయ్ గ్లాసు చేతబట్టుకొని సామాన్యుల మధ్య కూర్చున్నది.

నిజామాబాదు జిల్లాలో మాక్లూర్, ఆర్మూర్ ప్రాంతం పసుపునేల. తొలకరికి నాటిన కొమ్ము సంక్రాంతి దాటిన తరువాతగాని త్రవ్వకానికి రాదు. త్రవ్విన పసుపును ఉడకబెట్టవలెను, పక్షంరోజులు ఎండబెట్టవలెను, డ్రమ్ములో వేసి త్రిప్పి మెరుగు పెట్టవలెను. ఇంత జరిగిన తరువాత బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలవలెను. అక్కడ కుప్పపోసిన సరుకును వ్యాపారులు చేతబట్టి, విరిచి చూచి, ధర పలికేదాక రైతుకు చేయడానికి పనిలేదు, కదలడానికి వీలులేదు. తొమ్మిది నెలల కష్టానికి ఇతరులు వెలకట్టే ఆ గంటలలో అతనికి కూర్చోవడానికి దొరికే చోటు హోటలు బల్ల. ధర బాగుగా పలికితే అక్కడనే మిఠాయి తింటాడు. పలకకపోతే ఒక్క చాయ్ తాగి, ఖాళీ గ్లాసు ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చుంటాడు. లేచిపొమ్మనని హోటలువాడే మంచి హోటలువాడు.

అలా కూర్చున్న రైతు తలయెత్తి బోర్డు చూస్తే ఏమి కనబడుతుంది? ఇడ్లీ, వడ, దోసె, పూరీ, ఉప్మా, మిరపకాయ బజ్జీ, చాయ్. మధ్యాహ్నమైతే మీల్సు, రాత్రియైతే బిర్యానీ, ఫ్రైడ్ రైస్. ఇవన్నీ రుచిగల పదార్థాలే. కాని ఈ పట్టికలో ఆ రైతు తాత తన ఇంట తిన్నది ఒక్కటైనా లేదు. జొన్నరొట్టె లేదు. గటక లేదు. అంబలి లేదు. సర్వపిండి లేదు. మక్కగారెలు లేవు. పసుపునేల హోటలుకు దేశంలోని వంటలన్నీ తెలుసును. పసుపునేల వంట ఒక్కటే తెలియదు. ఇది ఏల జరిగినదో, జరిగినది మంచిదో కాదో విచారించవలసి ఉన్నది.

వెలకు అన్నం పెట్టడం తెలుగునేలకు క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో టిట్టిభసెట్టి, మంచనశర్మ అనే మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరిగి తిరిగి పూటకూటి ఇంటి ముచ్చటకు వస్తారు. అక్కడ ఒక్క రూకకు దొరికే భోజనంలో మేలురకపు బియ్యపు అన్నం ఉన్నది, గోధుమపిండి వంట ఉన్నది, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు ఉన్నవి. సహృదయులు గమనించవలసిన విశేషమొకటి: ఓరుగల్లు చుట్టుపట్ల మెట్టపొలాలలో పండే పంటకు ఆ విస్తరిలో చోటు లేదు. అమ్మకపు అన్నం ఆనాటినుండే పండుగ అన్నం. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమైనది. అందులోని పూటకూళ్ళమ్మ విజయనగరంలో వితంతువు. దిక్కులేని స్త్రీ తన చేతివంటనే ఆధారం చేసుకొని బ్రతికిన వృత్తి అది. పూటకూళ్ళ ఇల్లు ఎంత చిన్నదైనా, అందులో వంట స్త్రీది, పొయ్యి స్త్రీది, గల్లా కూడ స్త్రీదే.

ఆ పొయ్యిని పురుషుల చేతికి మార్చినది హోటలు. ఈ మార్పులో ఒక చిన్న సముద్రతీర ప్రాంతానికి పెద్ద పాత్ర ఉన్నది. ఉడుపి తుళునాడులో అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న క్షేత్రం. శ్రీకృష్ణ మఠాలలో వేలమందికి వండి వడ్డించి చేయితిరిగిన వంటవారు, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో బ్రతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసుకు, మైసూరుకు, బొంబాయికి, హైదరాబాదుకు తరలినారు. వారిలో కె. కృష్ణారావు అనే ఆయన వంటింట్లో పనివానిగా జీవితమారంభించి, 1938 ప్రాంతంలో మద్రాసులో ఉడ్‌లాండ్స్ హోటలును నెలకొల్పినాడు. వీరు తమ వెంట ధనం తీసికొని పోలేదు. ఇడ్లీపిండి పులియబెట్టే కొలత, సాంబారులో వేసే పొడి, బల్లను నీటితో కడిగే శుభ్రత - ఈ మూడే వారి పెట్టుబడి. నేడు తెలుగుదేశంలోని ఏ తాలూకా పట్టణానికి పోయినా ఉడుపి పేరు గల హోటలు కనబడుతుంది. తీరంలోని ఒక చిన్న ఊరు తన వంటింటిని భారతదేశపు ఫలహారశాలగా మార్చుకొన్నది.

చాయ్ వచ్చిన త్రోవ వేరు. ఇరాను దేశంలోని యజ్ద్ మొదలైన ప్రాంతాలనుండి వచ్చినవారు పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండి బొంబాయిలోను, తరువాత హైదరాబాదులోను కేఫులు తెరచినారు. వీధిమూల దుకాణాన్ని వారు వెతికి మరీ తీసికొన్నారు. పాలరాతి బల్లలు, వంపుకొయ్య కుర్చీలు వేసినారు. 1935లో హైదరాబాదు ఆబిడ్సులో వెలసిన గ్రాండ్ హోటలు ఆ వరుసలో ప్రసిద్ధమైనది. పాలు ఒక గిన్నెలో చిక్కగా మరిగించి, టీ డికాక్షను వేరుగా సిద్ధం చేసి కలిపే ఆ పద్ధతి నిజాం రాజ్యపు జిల్లాలకు ప్రాకింది. నిజామాబాదు ప్రాంతంలో 'టీ' అన్నవానికంటె 'చాయ్' అన్నవాడే ఎక్కువ. ఇరాను మాట, చీనా ఆకు, ఎదురింటి గేదె పాలు కలిసి తెలంగాణా పల్లె పానీయమైనవి.

ఇక అన్నం. 1931లో మంజీర నది మీద నిజాంసాగరు పూర్తియై కాలువలు పారినవి. వరి, చెరకు పండించడం తెలిసినవారు కావలసివచ్చి కృష్ణా, గోదావరి డెల్టాల నుండి రైతు కుటుంబాలు ఇందూరు సీమకు తరలివచ్చినవి. వారు గుడిసెలు వేసుకొన్న చోట్లు 'క్యాంపు'లైనవి; క్యాంపులు ఊళ్ళైనవి; ఈనాటికీ ఆ ఊళ్ళ పేర్లకు క్యాంపు అనే తోక మిగిలి ఉన్నది. వారి వెంట గోంగూర పచ్చడి, ముద్దపప్పు, ఆవకాయ, పెసరట్టు వచ్చినవి. కోస్తా మెస్సులు పుట్టినవి.

కోస్తా జిల్లాలవారిలో మెచ్చుకొనదగిన గుణమొకటి ఉన్నది. తమ ఇంటి వంటను నలుగురిలో పెట్టడానికి వారు సిగ్గుపడలేదు. కాకినాడ సుబ్బయ్య హోటలు అరటి ఆకులో వడ్డించేది గోదావరి జిల్లా పెళ్ళిభోజనమే. విజయవాడ బాబాయ్ హోటలుకు పేరు తెచ్చినది వెన్నపూస వేసిన సామాన్యమైన ఇడ్లీ. ఆత్రేయపురంలో స్త్రీలు కాల్చిన కుండ అడుగున పల్చని బియ్యపుపిండి పొరను తీసి చుట్టే పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. తాపేశ్వరం అంటే కాజా. తీరం పొడుగునా ప్రతి చిన్న ఊరూ తనకు తెలిసిన ఒక్క వస్తువును బల్ల మీద పెట్టి, 'ఇది మాది' అన్నది. ఉడుపివారు చేసినదీ అదే. లోపలి మెట్టసీమ మాత్రం వచ్చిన ప్రతి వంటకూ బల్ల మీద చోటిచ్చి, తన వంటను ఇంట దాచి తలుపు వేసికొన్నది.

హోటలు బల్లను ఇక్కడ తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. ఈ దేశంలో మనుష్యులు ఒకరి ప్రక్క ఒకరు కూర్చొని తినడం నేర్చుకొన్న బడులలో హోటలు ఒకటి. ఆ పాఠం సులభంగా రాలేదు. బ్రాహ్మణ భోజన హోటలు అనే బోర్డులు ఒకప్పుడు తెలుగు పట్టణాలలో సాధారణం. మద్రాసు రాష్ట్రంలోని రైల్వే ఫలహారశాలలలో బ్రాహ్మణులకు వేరుగా ఏర్పరచిన భోజనస్థలాలు ఆందోళన తరువాత 1941లోగాని తొలగలేదు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 15వ అధికరణంలో బావులు, చెరువులతోపాటు హోటళ్ళను కూడ పేర్కొన్నది. కులం కారణంగా ఎవరినీ హోటలులోకి రానీయకుండ ఆపరాదని శాసించినది. ఒక జాతి తన మూలశాసనంలో ఫలహారశాలను స్మరించవలసి వచ్చినదంటే ఆ బల్ల దగ్గర జరిగిన అవమానాలు ఎన్నో ఊహించుకొనవచ్చును. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చినది. 1976లో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారినది. అయినను చాయ్ హోటళ్ళలో దళితులకు వేరు గ్లాసు ఉంచే దురాచారం చట్టంతోనే అంతరించలేదు. జస్టిస్ పున్నయ్య కమిషను ఈ శతాబ్ది ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో కూడ రెండు గ్లాసుల పద్ధతి ప్రసక్తి ఉన్నది.

ఆ బల్లకు ఇవతల తినేవారేకాక, అవతల వడ్డించేవారిలోను గొప్పవారుండినారు. వట్టికోట ఆళ్వారుస్వామి యౌవనంలో హోటలులో వడ్డనపని చేసినవాడు. ఆ చేతులే 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినవి. 'ప్రజల మనిషి' నవల వ్రాసినవి. నిజాం ప్రభుత్వం ఆయనను, దాశరథి కృష్ణమాచార్యను నిజామాబాదు జైలులో నిర్బంధించినది. పద్యం వ్రాసుకొనడానికి కాగితం లేక దాశరథి బొగ్గుతో గోడల మీద వ్రాసిన ఊరు నిజామాబాదు. గ్లాసులు కడిగిన మనిషి గ్రంథాలు ప్రకటించిన చరిత్ర గల సీమలో హోటలును చిన్నచూపు చూడడానికి ఎవరికీ అధికారం లేదు.

కనుకనే ప్రశ్న మరింత పదునెక్కుతున్నది. వేరు పీట తీసివేసి మనుష్యులందరికీ చోటిచ్చిన బల్ల, తుళునాటి ఇడ్లీకి చోటిచ్చిన బల్ల, ఇరాను చాయ్‌కి, కోస్తా పప్పుకు, చివరకు చీనా పేరు పెట్టుకొన్న నూడుల్సుకు చోటిచ్చిన బల్ల, తన ఇంటి జొన్నరొట్టెను గుమ్మం బయట ఎందుకు నిలబెట్టినది?

మొదటి కారణం లజ్జ. దీనికి సాహిత్యం కూడ కొంత బాధ్యత వహించవలెను. శ్రీనాథుని పేర వాడుకలో ఉన్న చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసినవి. తరతరాల విద్యార్థులు వాటిని చదివి నవ్వుకొన్నారు. సన్నన్నం రసికునిది, జొన్నకూడు మోటువానిది అనే తీర్పు పద్యంలోనుండి సమాజంలోకి దిగినదో, సమాజంలోనుండి పద్యంలోకి ఎక్కినదో చెప్పలేము గాని, రెండుచోట్లా స్థిరపడినది. తెలంగాణా పల్లెలో వరియన్నం ఒకప్పుడు పండుగకు, పెళ్ళికి, చుట్టం వచ్చిన రోజుకు మాత్రమే. ఏడాదంతా గటక తిన్నవాడు పట్నం పోయి రూపాయి ఖర్చు పెట్టదలచినప్పుడు మళ్ళీ గటకనే కొనుక్కొమ్మని ఎవరు చెప్పగలరు? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేదవాని కంచంలోకి తెల్లని అన్నం వచ్చినది. శ్రీరాంసాగరు నీరు, బోర్లు కలిసి మెట్టలను మాగాణి చేసినవి. ఆ అన్నం వెనుక ఉన్న ఆత్మగౌరవాన్ని ఎగతాళి చేసేవాడు ఆకలి ఎరుగనివాడు. తాతకు దక్కని దోసెను మనుమడు తింటే అది అతని హక్కు.

రెండవ కారణం వంటలోనే ఉన్నది. ఇడ్లీపిండి రాత్రి రుబ్బి ఉంచితే తెల్లవారి వంద ప్లేట్లు దిగుతవి. జొన్నరొట్టె అటువంటి పని ఒప్పుకోదు. గోధుమపిండిలోని జిగట జొన్నపిండిలో లేదు. మరిగే నీరు పోసి, చేయి కాలుతుండగానే పిసికి, ముద్దను పీట మీద అరచేతితో తట్టుతూ త్రిప్పవలెను, అంచు చిట్లకూడదు. పెనం మీద వేసిన తరువాత పైన నీరు పూసి, తిరుగవేసి, పొంగేదాక కాల్చవలెను. ఒక్కొక్క రొట్టె ఒక్కొక్క మారు చేయవలసినదే, వేడిగా తినవలసినదే. ఈ విద్య తల్లినుండి కూతురికి, అత్తనుండి కోడలికి వచ్చినది. హోటలు వంటింటిలోని పురుషునికి ఇది రాదు; వచ్చిన స్త్రీని హోటలు లోపలికి పిలువలేదు. పూటకూళ్ళమ్మ పొయ్యి చేయి మారిన నాడే రొట్టె ఇంట మిగిలిపోయినది.

ఇందలి విపరీతం పొలంలో చూస్తే మరింత స్పష్టమౌతుంది. ఆర్మూరు ప్రాంతంలో యాసంగికి ఎర్రజొన్న విరివిగా పండుతుంది. ఆ గింజ ఇక్కడివారు తినడానికి కాదు. ఉత్తరాది రాష్ట్రాలలో పశుగ్రాసం పెంచడానికి విత్తనంగా వ్యాపారులు కొనుగోలు చేసి తీసికొనిపోతారు. పసుపు సంగతీ అంతే. కొమ్ము ఇక్కడ పండుతుంది. మంచి ధర ఆశతో కొందరు రైతులు మహారాష్ట్రలోని సాంగ్లీ దాక తోలుకొనిపోతారు. పొలంలో పసుపు, పొలంలో జొన్న. హోటలు బల్ల మీద వేరొక ఊరి పిండి, వేరొక ఊరి పొట్లం. పండించినవాడు తన పంటకు వెల కట్టలేడు, తన హోటలులో తన పంటను తినలేడు. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం ఆర్మూరు దగ్గర జాతీయ రహదారి మీద బైఠాయించినారు. ఆ ఏడు లోక్‌సభ ఎన్నికలో నిజామాబాదు స్థానానికి 185 మంది అభ్యర్థులు నిలిచినారు; వారిలో అత్యధికులు రైతులు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదులో ప్రారంభమైనది. కష్టానికి గుర్తింపు కావలెనని ఇంత గట్టిగా అడిగిన రైతు, తన రుచికి గుర్తింపు కావలెనని ఇంతవరకు అడగలేదు.

జొన్నరొట్టె పూర్తిగా కనుమరుగైనదని చెప్పరాదు. సాయంకాలం తెలంగాణా పట్టణాలలో రోడ్డు ప్రక్కన కట్టెలపొయ్యి పెట్టుకొని స్త్రీలు రొట్టెలు కాల్చి అమ్ముతున్నారు. వారి చుట్టూ కారులు, మోటారు సైకిళ్ళు ఆగుతున్నవి. ఇది సంతోషమే. అయితే ఎవరు కొంటున్నారు? మధుమేహం వచ్చినదని వైద్యుడు అన్నం తగ్గించమన్నవారు. రొట్టె తిరిగి వచ్చినది గాని ఆహారంగా రాలేదు, ఔషధంగా వచ్చినది. కూర్చొని తినే పదార్థంగా రాలేదు, కాగితంలో చుట్టుకొని పోయే వస్తువుగా వచ్చినది. కాల్చే స్త్రీ దుమ్ములో, పొగలో, వానలో కూర్చొనియున్నది; ఆమె వెనుకనే హోటలు ఉన్నది; ఆ రెంటికీ నడుమ గోడ ఉన్నది.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత మరొక వింత కూడ జరుగుతున్నది. పెద్ద నగరాల ఖరీదైన భోజనశాలలలో జొన్న దర్శనమిస్తున్నది. ఇంగ్లీషు పేరు పెట్టుకొని, పింగాణీ పళ్ళెంలో కూర్చొని, పండించిన రైతు ఒక రోజు కూలికి సమానమైన ధర చెప్పుతున్నది. పేదవానికి సిగ్గుగాను, ధనికునికి షోకుగాను మారిన తిండి నిజానికి ఎవరికీ తిండి కాకుండ పోతుంది. దానిని రెండు పక్షాల నుండి రక్షించగల చోటు ఒక్కటే: సామాన్యుని హోటలు బల్ల.

ఇది జరిగే పని కాదని పెదవి విరిచేవారికి మాక్లూరుకు ప్రక్కనే నిదర్శనమున్నది. ఆర్మూరు దగ్గర అంకాపూర్ విత్తనాల వ్యాపారానికి, కూరగాయల సాగుకు పేరుపొందిన గ్రామం. ఆ ఊరికి అంతకంటె ఎక్కువ పేరు తెచ్చినది నాటుకోడి కూర. ఇళ్ళలో వండుకొనే కోడికూరను, అదే కారంతో, అదే మసాలాతో, చెప్పిన గంటకు కోడి మొత్తంగా వండి అన్నంతో పెట్టడం అక్కడ వాడుకైనది. దూరప్రయాణికులు త్రోవ మళ్ళించుకొని అక్కడికి వస్తారు. నేడు హైదరాబాదు వీధులలో అంకాపూర్ పేరు గల బోర్డులు వ్రేలాడుతున్నవి. ఆ ఊరు ఉడుపి నుండి గాని, ఇరాను నుండి గాని వంట అరువు తెచ్చుకొనలేదు. తన కూరను తనదని చెప్పుకొన్నది, అంతే. కోడికూరకు దక్కిన మర్యాద దాని ప్రక్కన ఉండవలసిన రొట్టెకు దక్కరాదా?

హోటలువారి వాదం కూడ వినవలసినదే. 'అడిగేవాడు లేనిది వండి ఎవరికి పెట్టమంటారు? రొట్టెకు మనిషి కావలెను, కట్టె కావలెను, సమయం కావలెను. ఆ మనిషి కూలి ఏ పద్దులో వ్రాయమంటారు?' అని వారంటారు. ఇది లాభనష్టాల మాట. దీనిని ఉపన్యాసంతో త్రోసివేయకూడదు. కాని అడిగేవాడు ముందా, వండేవాడు ముందా అనే వివాదంలో చరిత్ర వండేవాని పక్షమే చెప్పుతున్నది. ఉడుపివారు రాకముందు ఓరుగల్లులో గాని, ఇందూరులో గాని మసాలాదోసె కావలెనని ఎవరూ అలమటించలేదు. బల్ల మీద పెట్టినారు, జనం తిన్నారు, అలవాటైనది. రుచి అనేది అడిగి తెచ్చుకొనేదానికంటె అలవాటు చేసికొనేది ఎక్కువ.

కనుక చేయదగిన పని చిన్నది. హోటలులో అన్ని పొయ్యిలను మార్చనక్కరలేదు. ఒక పొయ్యి చాలును. రొట్టె తెలిసిన ఒక స్త్రీని లోపలికి పిలిచి, వంటమాస్టరుకు ఇచ్చే జీతమే ఇచ్చి, ఉదయం మూడు గంటలసేపు ఆమె కాల్చిన రొట్టెలను వెల్లుల్లికారంతో, పచ్చిపులుసుతో, కాలానికి దొరికే ఆకుకూరతో వడ్డించవలెను. పసుపు రాకడ ఎక్కువగా ఉండే ఫిబ్రవరి, మార్చి మాసాలలో మార్కెట్ యార్డు దగ్గరనే ఈ పని మొదలు కావడం ఉచితం. తెల్లవారకముందే ఇల్లు విడిచిన రైతుకు, హమాలీకి, చాటపట్టి పసుపు చెరిగే కూలి స్త్రీకి మధ్యాహ్నం దాక ఆకలి ఆపగలిగేది రొట్టె. రెండు ఇడ్లీలు ఆపలేవు. 2024 నుండి తెలంగాణాలో స్త్రీల పొదుపు సంఘాలు ఇందిరా మహిళాశక్తి పేర క్యాంటీన్లు నడుపుతున్నవి. అక్కడ వండేవారు స్త్రీలే, గల్లా దగ్గర కూర్చొనేవారు స్త్రీలే. పూటకూళ్ళమ్మకు పోయిన పొయ్యి ఆమె మనుమరాండ్రకు తిరిగి వచ్చిన ఈ సమయంలో వారు కూడ ఇడ్లీతోనే సరిపెట్టుకొంటే అది వారి చేతికే అన్యాయం. చేయి తిరిగిన పెద్దవారు ఇంకా ఉన్నారు. పొంగే రొట్టె తట్టడం పుస్తకంలో చదివి నేర్చే విద్య కాదు. ప్రక్కన కూర్చొని చూచి నేర్వవలసినది. ఆ ప్రక్క పీట ఖాళీగా ఎంతకాలం ఉంటే అంతకాలమూ ఆ విద్య తరుగుతూనే ఉంటుంది.

జొన్నరొట్టె వచ్చినంత మాత్రాన ఇడ్లీ పోనక్కరలేదు. తుళునాటివాని నేర్పు, ఇరానువాని ఓపిక, కోస్తావాని ఆతిథ్యం ఈ నేలకు లభించిన లాభాలు. లాభాన్ని వదులుకొనేవాడు తెలివిగలవాడు కాడు. చుట్టాలందరూ పంక్తిలో కూర్చొన్న తరువాత ఇంటి యజమానికి కూడ ఒక విస్తరి వేయవలెనని మాత్రమే ఇక్కడి మనవి. తాను కూర్చొనకుండ నిలబడి వడ్డించే యజమాని మర్యాదస్తుడే. ఎన్నడూ కూర్చొననివాడు మాత్రం క్రమంగా ఆ ఇంట సేవకుడైపోతాడు.

పసుపు కుప్పకు ధర ఇంకా పలుకలేదు. రైతు హోటలుకు వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ధర అతని చేతిలో లేదు. వాన అతని చేతిలో లేదు. తన ముందుకు వచ్చే కంచంలో తన పొలపు గింజ, తన తల్లి చేతి రుచి ఉన్నవా లేవా అన్నది మాత్రం ఆ ఊరివారి చేతిలో ఉన్నది. బోర్డు మీద ఇడ్లీకి పైన కాకపోయినా, పూరీకి క్రిందనైనా ఒక వరుస ఖాళీ ఉన్నది. అక్కడ 'జొన్నరొట్టె' అని వ్రాయడానికి ఒక సుద్దముక్క చాలును.